ఆర్గన్ కోసం మూసిన గది

నాలుగు రోజుల నుంచి మా బాబుకు మళ్లీ ఆయాసంగా ఉంది. మందును ఆవిరిగా పట్టే చిన్న మిషను ఒకటి కొన్నాం. స్విచ్చి వేయగానే లోపలి మోటారు సన్నగా, ఒకే శ్రుతిలో మూలుగుతుంది. మొదటిసారి విన్నప్పుడు వాడు బెదిరి నా మెడ పట్టుకున్నాడు గాని, నాకు మాత్రం ఆ చప్పుడు పాత పరిచయం. నా చిన్నప్పుడు తోరణగల్లు రోడ్డు పక్కన మేమున్న లైను ఇంట్లో, అవ్వ ఆర్గన్‌కు నాన్న కరెంటు ఇవ్వగానే, ఇంకా ఒక్క మెట్టు కూడా నొక్కకముందే, అడుగున ఫ్యాను తిరగడం మొదలై అచ్చం ఇలాగే మూలిగేది. ఇప్పుడు బాబు నిద్రపోయాడు. పక్కన కూచుని వాడి రొమ్ము లేచి పడడం చూస్తుంటే భయం పెరుగుతుందే గాని తగ్గదు, అందుకే బళ్లారి గాంధీనగర్‌లోని ఈ అద్దె ఇంటి వంటగదిలో లైటు వేసుకుని ఇది రాస్తున్నాను.

ఆ ఎర్ర ఏండ్ల సంగతి మా జిల్లాలో నా ఈడు వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కొండలు తవ్వి తీసిన ఇనుప మన్ను ఓడలెక్కి చైనాకు పోతోందని పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు, దోణిమలై వైపు నుంచి వచ్చే లారీలు పగలూ రాత్రీ ఒకదాని వెనక ఒకటి మా వాకిలి ముందు నుంచే పోయేవి, తెల్ల యూనిఫాంతో బడికి పోయిన పిల్లలం ఇటుకల రంగులో ఇల్లు చేరేవాళ్లం. ఆరవేసిన బట్టలు, వీధికుక్కల వీపులు, పెరుగు మీద మీగడ, అన్నిటికీ అదే రంగు. నిన్నటిదాకా సైకిలు తొక్కినవాళ్లు లారీలు కొని, ఇంటికి పై అంతస్తు వేసి, పెళ్లిళ్లకు ఊరంతటినీ పిలుస్తున్న కాలం అది. మా నాన్న మాత్రం స్టీలు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియనుగానే ఉండిపోయి, కంపెనీ బస్సులో పోయి కంపెనీ బస్సులోనే వచ్చేవాడు. ఇంట్లో నాన్న, అమ్మ, నాన్నను కన్న అవ్వ, నేను, నాకన్నా ఆరేళ్లు చిన్నదైన చెల్లెలు.

మాది మిషను కాలం నుంచి వస్తున్న క్రైస్తవ కుటుంబం. అవ్వ చిన్నతనంలో బళ్లారి మిషను హాస్టల్లో పెరిగి, అక్కడి దొరసానమ్మ దగ్గర ఆర్గన్ వాయించడం నేర్చుకుంది. ఆ దొరసానమ్మ తన దేశానికి పోతూ పోతూ మా ఊరి చిన్న చర్చికి ఒక కరెంటు ఆర్గన్ ఇచ్చిపోయిందట. కాళ్లతో తొక్కే పని లేదు, అడుగున ఉన్న ఫ్యానే గాలి అందిస్తుంది. ఆమె దేశపు కరెంటు వేరు కాబట్టి, పక్కన ఎప్పుడూ ఒక బరువైన ట్రాన్స్‌ఫార్మరు కూచుని ఉండేది. అవ్వ ఆ ఆర్గన్ ముందు కూచున్న ఏండ్లలో చర్చికి ఎందరో పాస్టర్లు వచ్చి పోయారు. సుగరు జబ్బుతో చూపు పోయి, బైబిలు చదవడం, బియ్యం ఏరడం, పిల్లల జడలు వేయడం అన్నీ ఒక్కొక్కటిగా ఆమె చేతిలోంచి జారిపోయిన తరవాత కూడా ఆ మెట్ల మీద మాత్రం ఆమె వేళ్లకు ఎవరి సాయమూ అవసరం రాలేదు. ఆదివారం నేను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఆ స్టూలు మీద కూచోబెట్టేదాన్ని, అక్కణ్ణుంచి ఆమె ఇంకొక మనిషి.

ఆ ఏడు ఎండాకాలంలో ఆర్గన్ మూగబోయింది. ముందు రెండు మూడు స్వరాలు బొంగురుపోయి, తరవాత ఏకంగా ఫ్యానే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే లారీలు కొన్న సంఘపెద్ద ఒకాయన చర్చికి కొత్త కీబోర్డు ఇచ్చాడు, ఆయన కూతురు దాన్ని చక్కగా వాయించేది కూడా. ఆయన చెడ్డవాడేమీ కాదు, మా ఇంటికి వచ్చి, అమ్మ ఇచ్చిన టీ తాగి, నాన్నతో మెత్తగానే చెప్పాడు.

“మీ అమ్మ వాయించిన కాలం వేరప్పా. దీంట్లో బటను ఒత్తితే డ్రమ్ము గూడా అదే కొట్టుకుంటాది. ఆ పాత పెట్టె ఆడ జాగా పట్టుకోని ఉండాది. క్రిస్మసుకు పలికిస్తావా, ఎప్పటి మాదిరే అవ్వే వాయిస్తాది. ల్యాకపోతే తీసేద్దాం.”

అవ్వ గోడకు ఆనుకుని అంతా వింటూనే ఉంది. నాన్న మరునాడే ఇద్దరు మనుషులను, ఒక ట్రాలీ ఆటోను మాట్లాడి ఆర్గన్‌ను ఇంటికి తెచ్చాడు. మాకున్నవే రెండు గదులు, అందులో లోపలి గదిని దానికిచ్చేశాం.

ఫ్యాను మోటారును నాన్న తొందరగానే బాగుచేశాడు, అది ఆయన రోజూ చేసే పనే. చిక్కు రీడ్ల దగ్గర వచ్చింది. రీడంటే వేలెడు పొడవున్న ఇత్తడి పట్టీ, మధ్యలో సన్నని నాలుక ఉంటుంది, గాలి తగిలి ఆ నాలుక వణికితే స్వరం పుడుతుంది. నాలుకకూ అంచుకూ నడుమ వెంట్రుక పట్టేంత సందు, ఆ సందులో మా ఊరి దుమ్ము దూరి కూచునేది. నాన్న ఒక్కో రీడునూ లాగి, తుడిచి, మళ్లీ పెట్టి, మెట్టు నొక్కేవాడు, అవ్వ కళ్లు మూసుకుని విని తీర్పు చెప్పేది. “గొంతు పట్టిందిరా దీనికి, శొంఠి పెట్టు” అనేది ఒకదాన్ని. ఇంకొకదానికి శ్రుతి కలపడానికి నాలుక కొసను గీకుతుంటే, “ఇంగ రవ్వంత. ఇంగ రవ్వంత. ఆగరా, గీకి గీకి సంపుతావు దాన్ని” అనేది. నాన్నకు ఉక్రోషం వచ్చేది. ఇది మోటారు కాదు మా, లెక్క ప్రకారం తిరిగేదానికి, అనేవాడు. వాళ్లిద్దరూ అంత సేపు పక్కపక్కన కూచోవడం నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

ఆ సందుల్లోకి గుడ్డ పోదు, కాగితం చిరిగిపోతుంది. నాన్న వెతికి వెతికి చెల్లెలి ఎక్స్‌రే ఫిల్మును పట్టుకున్నాడు. చెల్లెలికి ఆ ఏడే ఆయాసం మొదలై, బళ్లారికి తీసుకుపోయి తీయించిన ఎక్స్‌రే అది. దాన్నుంచి సన్నని పట్టీలు కత్తిరించి రీడ్ల నాలుకల కింద జరుపుతుంటే అమ్మ చూసింది.

“బిడ్డ రొమ్ము ఫోటో కత్తిరించి పెట్టెకి నాలిక గీకుతాండావా? రేపు డాక్టరు అడిగితే ఏం సూపించాల, నీ పెట్టెనా?”

“అంచులే గదా కత్తిరించింది. రొమ్ము యాడికీ పోలేదు, సూడు.”

అమ్మ ఆ ఫిల్మును లాక్కుని ట్రంకు పెట్టెలో చీరల కింద దాచింది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది ఆమెకు, అది నాకు బాగా గుర్తుంది.

ఎంత తుడిచినా వారం తిరిగేసరికి మళ్లీ దుమ్మే, కాబట్టి నాన్న ఆ గదినే మూసేయాలని నిర్ణయించుకున్నాడు. కిటికీకి ఎరువుల సంచుల ప్లాస్టిక్కు కొట్టి, చుట్టూ మైదా జిగురుతో కాగితం అంటించాడు, పైకప్పు రేకుల సందుల్లో గోనెపట్టలు కుక్కాడు, వాకిలికి అవ్వ పాత చీర ఒకటి రెండు మడతలుగా వేలాడదీశాడు. ఆ చీరను తడిపి పిండి వేలాడదీయడం నా పని. సాయంత్రానికి దాన్ని బకెట్లో ముంచితే నీళ్లు కుంకుమ కలిపినట్టు అయ్యేవి. పిల్లలం లోపలికి పోకూడదు, పోయినా కాళ్లు కడుక్కుని పోవాలి. దీపావళి దాటేసరికి ఆ గదిలో ఒక వింత జరిగింది, నేల మీద వేలు పెట్టి గీస్తే వేలికి ఏమీ అంటలేదు. మా లైనులో అలాంటి నేల ఇంకెక్కడా లేదు. ఆర్గన్ కూడా దాదాపు పూర్తిగా పలుకుతోంది. అవ్వ పొద్దున్నే స్నానం చేసి, తడి చీర పక్కకు నెట్టుకుని లోపలికి పోయి, ఫ్యాను వేయించుకుని, మెత్తగా వాయించుకుంటుంటే, వంట చేస్తున్న అమ్మ కూడా గొంతు కలిపేది.

చలి మొదలవగానే చెల్లెలికి ఆయాసం ముదిరింది. ఒక పొద్దున అది కూచుని, చేతులు నేలకు ఆనించి, ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తుంటే, అమ్మ ఎవరినీ అడగకుండా దాన్ని ఎత్తుకుని తడి చీర తొలగించి ఆర్గన్ గదిలోకి తీసుకుపోయింది. మధ్యాహ్నానికి పిల్ల నిద్రపోయింది. ముక్కెగరేయకుండా, రొమ్ములో ఈల లేకుండా, మామూలు పిల్లలాగ పోతున్న ఊపిరితో నిద్రపోయింది. డాక్టరును అడిగితే ఆ గదిలోనే ఉంచండి అన్నాడు, అయితే పాత చెక్కా, పాత తోలూ, పాత దుమ్మూ ఏదీ లోపల ఉండకూడదు అని కూడా అన్నాడు. గాలి మార్చమని కూడా చెప్పాడు గాని, ఎక్కడికి మారుస్తాం. నాన్న పని ఇక్కడే, కంపెనీ క్వార్టర్సుకు వరసలో మాకన్నా ముందున్నవాళ్లు చాలామంది.

నాన్న రెండూ దక్కించుకోవాలని చూశాడు. గదికి ఒక మూల చెల్లెలి పక్క, ఇంకొక మూల దుప్పటి కప్పిన ఆర్గన్. రెండు మూడు రోజులు బాగానే గడిచింది. తరవాత ఒక సాయంత్రం, మిగిలిపోయిన నాలుగైదు స్వరాలు సరిచేద్దామని నాన్న మూత ఎత్తాడో లేదో, లోపలి చెక్కలో ఏనాటి నుంచో పేరుకున్న పొడి సన్నగా లేచింది, కాసేపటికే చెల్లెలి రొమ్ములో మళ్లీ ఈల మొదలైంది. నాన్న మూత దించి, రెండు చేతులూ దాని మీదే పెట్టి నిలబడిపోయాడు. అమ్మ పిల్లను ఒళ్లోకి తీసుకుని వీపు నిమిరింది. అప్పుడు అవ్వ వాకిట్లోంచి అంది.

“నా పెట్టెకు ఊపిరాడకపోతే పాత సామాన్ల గుజిరీవాడు వస్తాడు. పిల్లకు ఆడకపోతే ఎవుర్ని పిలుస్తావురా? అవతల పెట్టు.”

“క్రిస్మసు దాకా ఆగు మా, ఇంగ కొంచెమే ఉండాది.”

“అవతల పెట్టమన్నానా ల్యాదా.”

పక్కింటివాళ్లను పిలుచుకొచ్చి ఆర్గన్‌ను వరండాలోకి మోశారు. నాన్న టార్పాలిను కప్పి, తాడుతో చుట్టూ బిగించాడు. కాని మోగించాలంటే ఫ్యాను వేయాలి, ఫ్యాను వేస్తే అది చుట్టూ ఉన్న గాలినే లోపలికి లాగుతుంది, వరండాలో ఉన్న గాలి మరి ఎలాంటిదో తెలిసిందే. ఆయన బస్సు దిగి వచ్చి, చెయ్యి కాలు కడుక్కోకుండానే రీడ్లు తుడవడానికి కూచునేవాడు, తెల్లవారేసరికి అవే రీడ్లు మళ్లీ మూగబోయేవి. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే అది. చూడలేక అమ్మ ఒక రోజు ట్రంకు తెరిచి, ఎక్స్‌రే తీసి, మిగిలిన అంచులన్నీ తనే కత్తిరించి ఆయన పక్కన పెట్టింది. అప్పటికి పట్టీలు లేక ఆగిన పని కాదది, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

క్రిస్మసుకు కొన్ని రోజుల ముందు, పొద్దు గూకే వేళకు, ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడే చర్చి వాళ్లు మా లైనుకు వచ్చారు. ముందు సంఘపెద్ద, వెనక యువతీయువకులు, చేతుల్లో డప్పూ గిటారూ. అవ్వ నాన్నను పిలిచి టార్పాలిను విప్పమంది. అందరికీ తెలిసిన పాత కీర్తన ఒకటి ఎత్తుకుంది. పలికే మెట్లు పలికాయి, పలకని చోట కర్ర చప్పుడు మాత్రమే వచ్చింది, అలా వచ్చిన ప్రతిచోటా అవ్వ నోరు తెరిచి ఆ స్వరాన్ని తన గొంతుతో నింపి ముందుకు పోయింది. మొదట ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. తరవాత వాళ్లూ పాడారు. రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి. నాన్న చెయ్యి ట్రాన్స్‌ఫార్మరు మీద పెట్టుకుని, ఎటూ చూడకుండా నిలబడ్డాడు.

పాట అయ్యాక సంఘపెద్ద బాగుందవ్వా అన్నాడు, నిజంగానే అన్నాడనుకుంటాను. అవ్వ ఫ్యాను ఆపమని సైగ చేసి మెట్ల మీద చేత్తో ఒకసారి నిమిరింది.

“సాకప్పా, ఇంగ చాలు. దీనికీ నా మాదిరే సగం పండ్లూడినాయి. మీ జాగా మీరు వాడుకోండి. మీ పాప బాగా వాయిస్తాది, నేనిన్నాను.”

ఆ క్రిస్మసుకు అవ్వ చర్చిలో ఆడవాళ్ల వరసలో, నా పక్కన కూచుంది. చెల్లెలు మూసిన గదిలోనే ఉండిపోయింది, అమ్మ దానికి కాపలా. అంతకు ముందు వరండాలో పాడిన పాటను అది గోడల లోపలి నుంచి విన్నది, ఇప్పటికీ అడిగితే ఆర్గన్‌లో ఒక్క స్వరమూ తప్పలేదని వాదిస్తుంది. వచ్చిన వానాకాలానికి చెక్క ఉబ్బి మెట్లన్నీ ఒకదానికొకటి కరుచుకుపోయాయి. అవ్వ చనిపోయిన తరవాతే నాన్న దాన్ని గుజిరీకి వేశాడు.

గనులు మూతపడ్డాయి, తరవాత కొన్ని మళ్లీ తెరుచుకున్నాయి గాని, ఆనాటి లారీల బారు లేదు, రోడ్ల మీద నీళ్లు కూడా చల్లుతున్నారు. చెల్లెలికి పెద్దవుతుండగా ఆయాసం దానంతట అదే పోయింది, మైసూరులో ఉద్యోగం చేసుకుంటోంది. ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ రోజుల్లో మమ్మల్ని బాధపెట్టేదానికి ఒక రంగుండేది, బకెట్లో పిండితే కనిపించేది, నేల మీద గీస్తే వేలికి అంటేది. ఇప్పుడు తెల్ల గుడ్డతో కిటికీ తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉంటుంది, అయినా నా బిడ్డ దగ్గుతున్నాడు. ఒక డాక్టరు పరుపు దూది అంటాడు, ఒకరు గోడ చెమ్మ అంటారు, ఇంకొకరు వయసొస్తే తగ్గుతుందంటారు. పరుపు మార్చాం, కర్టెన్లు తీసేశాం, బొచ్చు బొమ్మలు పంచేశాం, పూలకుండీలు మిద్దె మీదికి చేర్చాం.

ఈ సాయంత్రం నాన్న ఫోను చేశాడు. బాబు ఎట్లున్నాడని అడిగి, నేను చెప్పిందంతా విని, “అవతల పెట్టాల్సిందేమన్నా ఉంటే చెప్పు మా. పొద్దున బస్సుకొచ్చి పెట్టిపోతా” అన్నాడు.

నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఇల్లంతా ఒకసారి చూశాను. ఏమీ లేదు నాన్నా అన్నాను.