ఆ గురువారం మోగని గంట

మొన్న కల్లూరులో మా అమ్మాయి ఇంటి పక్క ఖాళీ స్థలంలో బోరు వేసే లారీ వచ్చి నిలబడింది. స్థలం వాళ్ళు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు పెట్టి, చివరికి ఒక కోడిపుంజును కూడా కోసి ఆ రక్తాన్ని గుంత పడబోయే చోట చిలకరించారు. వాళ్ళ నమ్మకం వాళ్ళది, నేనేమీ తప్పు పట్టలేదు గానీ, ఎండిన మట్టి ఆ తడిని చూస్తుండగానే పీల్చేసుకోవడంతో అక్కడ నిలబడలేక వచ్చి అరుగు మీద కూర్చున్నాను. నేల నీళ్ళిచ్చే ముందు ఏదో ఒకటి అడుగుతుందనే మాట చిన్నప్పుడు చెవిన పడని వాళ్ళు నా వయసు వాళ్ళలో ఎవరున్నారు?

యాభైల నాటి మాట ఇది. జమ్మలమడుగు అవతల మా పల్లెలో మా నాయన క్రైస్తవుల గుడికి ఉపదేశి. జీతం తక్కువ, గౌరవం ఎక్కువ, కోపం ఇంకా ఎక్కువ. ఊరి బావిలో మా వాళ్ళు చేద వేయడానికి లేదు కాబట్టి వాగు ఇసకలో చెలమలు తీసుకుని, ఊరిన నీళ్ళు చిప్పతో తోడుకుని తాగేవాళ్ళం. రెండేళ్ళు వరసగా వానలు మొహం చాటేసి ఆ చెలమలు కూడా అడుగంటితే, గుడి వెనక మన బావి మనమే తవ్వుకుందామని మా చిన్నాయన నడుం కట్టాడు. నాపరాళ్ళ గనుల్లో పనిచేసి వచ్చినవాడు, రాతికి రంధ్రం కొట్టి, మందు కూరి పేల్చడం తెలిసినవాడు, అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండనివాడు.

బావి ఏడు నిలువుల లోతు పోయినా బండే తప్ప చెమ్మ లేదు. ఒకనాడు మోకు తెగి ఒకతని పాదం నలిగింది, ఇంకోనాడు లోపల ఊపిరాడక ఇద్దరు సొమ్మసిల్లారు. ఊళ్ళో పెద్దవాళ్ళు ఒక మేకపోతును కొట్టమని కబురు పెట్టారు. బాప్తిస్మం తీసుకుని ఇరవై ఏళ్ళైన మా అవ్వ కూడా, యేసు రక్తం పరలోకానికి చాలుతుంది గానీ ఈ బండ సంగతి వేరే అని లోలోపల నమ్మేది. "నేల అడుగుతాండాది, యాదో ఒకటి ఇయ్యండ్రా" అని పొద్దస్తమానం గొణిగేది. నాయన మాత్రం ససేమిరా అన్నాడు. మనిషి పాపానికి పడాల్సిన శిక్ష, దేవుని ఉగ్రత, అంతా సిలువ మీద కొడుకు మీదే పడిపోయింది, ఆ ఒక్క బలితో అన్ని బలులూ ముగిసిపోయాయి, ఇక నేలకు చుక్క రక్తం పోసినా అది ఆయన్ని అవమానించడమే అని ఆయన వాదన. మేక వద్దనే దగ్గర చిన్నాయన అన్నతో కలిసేవాడు గానీ, మిగతా మాట ఆయనకు మింగుడు పడేది కాదు. సాయంత్రం సంగటి దగ్గర ఒకసారి నవ్వుతూనే అనేశాడు: "కోపం తీరేదానికి కొడుకు సావల్లనా? అదేం తండ్రన్నా! యేసయ్య మనల్ని ఇడిసిపెట్టి పోలేక సచ్చిపోయినాడు, అంతే." నాయన కంచం పక్కకు నెట్టి లేచిపోయాడు. పదేళ్ళ నాకు ఆ మాటలు పట్టలేదు, నాయన వదిలేసిన ముద్ద నాకు దక్కుతుందా అనే చూశాను.

బావిలో మందు ముట్టించే ముందు గుడిగంట మూడుసార్లు కొట్టేవాళ్ళు. అది వినగానే పశువుల కాపర్లతో సహా అందరూ దూరం పోవాలి, రాళ్ళు గుడి కప్పు దాటి ఎగిరిపడేవి మరి. అయితే మా గుడిలో ఒక కట్టుబాటు ఉండేది. శుభ శుక్రవారం ముందు రోజు పొద్దుటినుంచి ఈస్టరు తెల్లవారేదాకా గంట ముట్టరాదు. ఎప్పుడో ఒక మిషను దొర పెట్టిపోయిన పద్ధతి, నాయన దాన్ని ప్రాణంగా పాటించేవాడు. ఆ గురువారం రంధ్రాల్లో మందు కూరి సిద్ధమయ్యాక, ఒక్కసారికి కొట్టనిమ్మని చిన్నాయన వచ్చి అడిగాడు. ప్రభువు శ్రమపడే వేళ గంట మోగదని నాయన తాడును మేకుకు చుట్టేశాడు. చేసేదిలేక చిన్నాయన నలుగురిని నాలుగు దిక్కులకూ కేకలు వేయమని పంపాడు.

గాలి ఎదురు కొడుతోంది, ఆ కేకలు వాగు దారి దాకా రాలేదు. నేను అంబలి ముంత నెత్తిన పెట్టుకుని వాగు దారిన బావి దగ్గరికి వస్తున్నాను. గంట మోగలేదు కాబట్టి ఇంకా పేల్చరనే ధీమాతో తాపీగా నడుస్తున్నాను. రాతికట్ట వెనక క్షేమంగా కూర్చున్న చిన్నాయన ఎందుకు లేచాడో, చేతులూపుతూ నా వైపు ఎందుకు పరిగెత్తుకొస్తున్నాడో నాకు తెలియలేదు. నా మీద పడి నన్ను నేలకు అదిమేశాడు. భూమి అదిరింది. కాసేపటికి బావి వైపునుంచి "నీళ్ళు! నీళ్ళు!" అని అరుపులు వినబడ్డాయి. వాళ్ళకు ఇంకా తెలియదు. నా జుట్టంతా తడిగా ఉంటే అంబలి ఒలికిందనుకున్నాను.

మరునాడు, శుభ శుక్రవారం నాడే, చిన్నాయనను గుడిలోకి తెచ్చారు. అప్పటికే ఆ చావుకు ఎవరి అర్థం వాళ్ళు చెప్పేసుకున్నారు. నేల తనకు కావలసింది తీసుకుందని ఊరు అంది. అవ్వ నా మొహం చూడడం మానేసింది. నాయన నిలబడి, ఈ బావి కోసం, ఈ పసిదాని కోసం దేవుడే ఈ గొర్రెపిల్లను సిద్ధపరచుకున్నాడని చెప్పసాగాడు. మధ్యలో చిన్నమ్మ లేచింది. అంతవరకూ నాయన ఎదుట ఎప్పుడూ నోరెత్తని మనిషి.

"బావా, గంట కొట్టింటే మీ తమ్ముడు సచ్చిపోతాండెనా?"

అంతే అడిగి కూర్చుంది. నాయన బైబిలు మూశాడు. ఆ రోజు ఎవరూ పాట ఎత్తుకోలేదు.

ఆ చావు దేవుడు కోరుకున్నదే కావాలని నాయన ఎందుకంత పట్టుబట్టాడో పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. దేవుడు కోరకపోతే ఆ తాడు చుట్టిన చెయ్యి ఒక్కటే మిగులుతుంది. ఈస్టరు నాడు గంట ఇంకొకరు కొట్టారు. నాయన బతికినంత కాలం మళ్ళీ ఆ తాడు ముట్టుకోలేదు, దేవుని ఉగ్రత గురించి ప్రసంగమూ చేయలేదు. చిన్నమ్మ ఆ బావి నీళ్ళు ఒక్క చుక్క తాగలేదు, ముసలితనంలో కూడా కడవతో వాగుకే పోయేది. నేను మాత్రం తాగాను, తాగి పెరిగాను. చిన్నాయన ప్రాణమిచ్చింది ఈ పిల్లకే అని ఎవరైనా వేలు చూపిస్తే, బడిలో ఒక లెక్క తప్పినా ఆయనకే ద్రోహం చేసినట్టు కుంగిపోయేదాన్ని. పంతులమ్మ శిక్షణకు కర్నూలు బయలుదేరిన రోజు చిన్నమ్మ బస్సు దాకా వచ్చి, నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది: "మీ చిన్నాయన నీకు బదులు సావల్లని పరిగెత్తలేదు పాపా. నిన్ను సూసినాడు, పరిగెత్తినాడు. దాన్ని నువ్వు మొయ్యాకు." ఎన్ని ప్రసంగాలు విన్నా సిలువ నాకు ఆ మాటతోనే కొంచెం అర్థమైంది. మొయ్యడం మాత్రం మానలేకపోయాను.

ఇప్పుడు చిన్నాయన కంటే నేను యాభై ఏళ్ళు పెద్దదాన్ని. ఈ రోజుల్లో నీళ్ళ కోసం ఎవరూ నేల లోపలికి దిగరు. యంత్రం ఒక పూటలో వందల అడుగులు పోతుంది, గంట కొట్టాల్సిన పనీ లేదు. మొన్న ఆ లారీ మోత మొదలయ్యే వేళకు ఎదురింటి పాప బడి సంచీతో సందులోకి మలుపు తిరిగింది. నేను అరుగు దిగి, ఈ మోకాళ్ళతో ఎలా పరిగెత్తానో తెలియదు, అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాను. ఏమీ కాదవ్వా, భయం లేదు అని లారీ కుర్రాడు నవ్వాడు. భయం లేదని నాకూ తెలుసు. అయినా ఆ మోత ఆగేదాకా పాపను నా వెనకే పెట్టుకుని నిలబడ్డాను.