మకరం మొహమున్న రాతి పడవ

నంద్యాలలో మా మేడమీద గదిలో కూర్చుని నేను రోజూ పడవల్ని నీళ్లలో పడేస్తుంటాను. నిజం పడవలు కావు, కంప్యూటర్‌లోవి. అలకి ఎగిరిన పడవ మళ్లీ నీళ్లను గుద్దుకున్నప్పుడు అడుగుభాగానికి ఎంత దెబ్బ తగులుతుంది, నీళ్లు ఎటు చిందుతాయి అని లెక్కగట్టడం నా ఉద్యోగం. రెప్పపాటులో అయిపోయే ఆ చిందటానికి కంప్యూటర్ రాత్రంతా ఆలోచిస్తుంది. ఇక్కణ్ణుంచి సముద్రం ఎంత దూరమో మాత్రం అడక్కండి.

ఇదంతా మా మామకు నచ్చదు. ఆయనది ఆళ్లగడ్డ, దేవుడి విగ్రహాలు చెక్కుతాడు. ఆయన లెక్కలో పనంటే సాయంత్రానికి కంటికి కనబడాలి, ఒంటికి దుమ్ము అంటాలి. "అదీ ఒక పనేనా అప్పా? బొమ్మల్ని నీళ్లల్లో పడేసి చూస్తాండావ్," అనేవాడు, చుట్టాల ముందర కూడా. నాకు ఒళ్లు మండేది. ఆయన నోటితో ఒక్కసారైనా అది పనేనని అనిపించాలని నా పట్టుదల.

నా లెక్క నిజమో కాదో చూసుకోవడానికి చిన్న పడవ ఒకటి కావలసి వచ్చింది. మీ ఊళ్లో మంచి వడ్రంగి ఎవరైనా ఉన్నారా అని ఫోన్ చేసి అడిగాను. మామకు పౌరుషం వచ్చేసింది.

"ఇంట్లో నేనుండంగా వడ్రంగి ఎందుకు? కొలతలు పంపు."

ఆళ్లగడ్డ పోయి చూస్తే, మూరెడు పొడవున నల్లరాతి పడవ. అడుగుభాగం కొలతలు వెంట్రుకవాసి కూడా తప్పలేదు. కానీ ముందు భాగాన మకరం మొహం, కోరలు, చెవులకు లోలాకులు. మొహం లేని రాయి ఆయన చేతినుంచి బయటికి రాదు. "రాతి పడవ మునిగిపోదా?" అంది అత్త. తేలనక్కర్లేదు, పడితే చాలన్నాను.

రాళ్లెత్తే కప్పీకి దాన్ని జారుముడితో వేలాడదీసి, కింద నీళ్ల తొట్టి పెట్టాం. లాప్‌టాప్‌లో బొమ్మ చూపించి, "నీళ్లు రెండు పక్కలకే ఎగురుతాయి మామా. మీరు ముందర నిలబడండి, చుక్క పడదు," అన్నాను.

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. దాని కళ్లు ఆ పొద్దున్నే చెక్కి తెరిచాడట. కొత్తగా కళ్లు తెరిచినదాని ఎదుట ఎవరూ నిలబడకూడదు, తొలిచూపు అద్దం మీదే పడాలి. అది విగ్రహం కాదు కదా అన్నాను.

"కండ్లుండాయి గదా," అన్నాడు.

అత్త అద్దం తెచ్చి తొట్టి ముందర కుర్చీలో ఆనించింది. ఇంటిల్లిపాదీ భక్తిగా రెండు పక్కలా నిలబడ్డారు, సరిగ్గా నా బొమ్మలో నీళ్లు పడే చోట. మామది ఇస్త్రీ చొక్కా. నేను వెనకనుంచి తాడు లాగాను.

అందరూ తడిసి ముద్దయ్యారు. మకరం బుడుంగుమని అడుక్కి పోయింది. అత్త కుర్చీలోంచి అద్దం తీసింది. దానిమీద ఒక్క చుక్క లేదు. మామ దాన్ని తీసుకుని తిప్పితిప్పి చూశాడు. నీళ్లు కారుతున్న తన మొహం కూడా అందులో కనబడే ఉంటుంది. లోపలికి పోయి, ఇంకో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"పైకి తియ్. ఇంగోసారి వెయ్," అంటూ కుర్చీ పక్కకు జరిపి, తొట్టి ముందర మకరానికి ఎదురుగా నిలబడ్డాడు. తొలిచూపు అయిపోయింది కదా.

లెక్క తప్పితే ఆళ్లగడ్డలో ఇక తలెత్తుకోలేను. పైగా తాడు చిక్కుబడి, ఈసారి పక్కన నిలబడి లాగాల్సి వచ్చింది. కళ్లు మూసుకుని లాగేశాను. తెరిచేసరికి నేను నిలువెల్లా తడిసి ఉన్నాను. మామ చొక్కా మడత కూడా చెదరలేదు.

"ఆడ నిలబడితే తడుస్తావని నీకు ముందే తెలుసు గదప్పా?"

తెలుసన్నాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి నాకిచ్చి, అత్తవైపు తిరిగి, "పనేలే," అన్నాడు.