నీళ్లలోకి సాగనంపిన ఆట

సమత మొదటి గెలుపు, చప్పట్లకు వెలిగే దీపం. తొమ్మిదో తరగతిలో ఉండగా చేవెళ్లలో జరిగిన సైన్సు ప్రదర్శనలో దానికి రెండో బహుమతి వచ్చింది. రెండోదే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. అంతకు ముందు రెండేళ్లూ అదే దీపాన్ని సంచిలో పెట్టుకుని పోయి ఉత్త చేతులతో తిరిగివచ్చిన పిల్ల అది. మొదటి ఏడు దీపం వెలగనే లేదు. రెండో ఏడు వెలిగింది గానీ, హాలులో ఎవరు దగ్గినా, ఎవరు బల్ల జరిపినా వెలుగుతూ ఆరుతూ నవ్వులపాలు చేసింది. మూడో ఏడు సమత దానికి ఒక్క వరుసే నేర్పింది. బతుకమ్మ ఆడేటప్పుడు మా ఆడవాళ్లు వంగి లేస్తూ కొట్టే చప్పట్ల వరుస అది. వేరే ఏ చప్పుడుకూ ఆ దీపం పలకదు. చూడవచ్చిన సార్లు చేతులు ఎర్రబడేలా చరిచినా వెలగలేదు. తోడు వెళ్లిన నా భార్య శంకరమ్మ నడుము వంచి నాలుగు చప్పట్లు కొట్టేసరికి వెలిగింది. ఆ సంగతి శంకరమ్మ ఇప్పటికీ చెబుతుంది, తానే బహుమతి గెలిచినట్టు.

నా పేరు జనార్దన్. సమత తండ్రి నర్సింహకు అన్నను, సమతకు పెద్దబాపును. మాది మొయినాబాద్ మండలం సురంగల్. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఒక దఫా సర్పంచ్‌గా పనిచేశాను. బడి చుట్టూ ప్రహరీ గోడ, దవాఖాన దాకా సిమెంటు రోడ్డు నా హయాంలో పడ్డవే. ఇంటి పిల్ల గురించి ఇంటివాడే రాసుకుంటున్నాడని ఎవరైనా అంటే అననీ. దగ్గరుండి చూసినవాడు రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

మా వాడలో బీటెక్ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల సమత. చామంతి తోటలో తెల్లవారుజామున పూలు కోసి, మూటలు గుడిమల్కాపూర్ పూల మార్కెట్ బండికి ఎక్కించి, అదే చేత్తో పుస్తకాలు పట్టుకుని కాలేజీ బస్సెక్కేది. ఆ ఏళ్లలోనే మా దిక్కు భూముల చుట్టూ కంచెలు లేచాయి, తోటలు ఫాంహౌసులయ్యాయి. గచ్చిబౌలిలో అద్దాల మేడలు లేస్తుంటే మా పోరగాళ్లు కొందరు అక్కడికి డ్రైవర్లుగా, కొందరు కాపలాకు వెళ్లారు. సమత మాత్రం మెడలో కార్డు వేసుకుని లోపలికి వెళ్లింది. ఆ గేటు దగ్గర కాపలా ఉండే మా ఊరి బిక్షం ఆమెను చూస్తే కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. "నువ్వు లేస్తే నాకు సిగ్గయితది కాకా" అంటే, "నీకు కాదు బిడ్డా, మన ఊరికి లేస్తున్న" అనేవాడట.

అక్కడ ఆమె పని వీడియో గేములు పరీక్షించడం. ఎవరో తయారుచేసిన ఆటను పొద్దంతా ఆడి, ఎక్కడ తప్పుతోందో పట్టుకోవాలి. ఇది విని నర్సింహ నోరు తెరిచాడు.

"ఆడితే జీతమిస్తరానే? మా కాలంల ఆడితే బాపు వీపు సాపు చేసెటోడు!"

"నువ్వు ఆడింది గోటీలు బాపూ. వాటిల్ల తప్పులుండయ్."

"మా అన్న ఆడిండంటే అన్నీ తప్పులే ఉంటుండె" అన్నాడు నన్ను చూపిస్తూ.

నాలుగేళ్లు ఇతరుల ఆటల్లో తప్పులు వెతికాక సమత ఒక రోజు ఉద్యోగం మానేసి ఇంటికొచ్చింది. తన ఆట తాను చేస్తానంది. నర్సింహ మొదట ఒప్పుకోలేదు. చివరికి దసరా దాకా గడువు పెట్టాడు. అప్పటికి ఆట ఒక దారి పట్టకపోతే పాత ఉద్యోగానికే తిరిగి పోవాలి. కంపెనీవాళ్లు కూడా అప్పటి వరకే చోటు ఉంచుతామన్నారు.

ఆ ఆట ఎట్లా ఉంటుందో చెప్పాలి. తెర లేదు, చేతిలో మీట లేదు. వెదురు గంప మీద ఏడు వరుసలుగా గుడ్డ పూలు, వాటి లోపల చిన్న చిన్న దీపాలు. చూడటానికి అచ్చం బతుకమ్మే. నడుమ ఒక పెట్టె, అది చప్పట్లు వింటుంది. సమత దాన్ని చెవి అనేది. చుట్టూ నిలబడ్డవాళ్లందరి చప్పట్లూ ఒక్క దెబ్బలా పడితే అడుగు వరుస వెలుగుతుంది. అట్లాగే సాగితే దాని పైది, ఆ పైది. ఒక్కరు తొందరపడినా వెలిగిన వరుస ఆరిపోతుంది. గెలిచేవాడు, ఓడేవాడు అంటూ ఉండరు. దాన్ని నిలబెట్టడానికి శంకరమ్మ తన పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి తాంబాళం ఇచ్చింది.

2018 అక్టోబరులో, బతుకమ్మ పండుగ ఐదో రోజైన అట్ల బతుకమ్మ పడ్డ శనివారం, మొయినాబాద్ దగ్గర ఒక గులాబీ తోట ఫాంహౌసులో పెద్ద వేడుక జరిపారు. సమతతో పనిచేసిన స్వప్నిక అనే అమ్మాయి దానికి పెద్ద. సొంతంగా, కొత్త కొత్త తీరుల్లో ఆటలు చేసేవాళ్లంతా తమ ఆటలు తెచ్చి పెడతారు. వచ్చినవాళ్లు ఆడి, తోచింది డబ్బాలో వేస్తారు. పోగైనదంతా మా సురంగల్ బడికి కంప్యూటర్ గది కట్టించడానికి. దానితో పాటు, బెంగళూరు నుంచి ఆటల సంస్థవాళ్లు చీకటి పడే వేళకు వస్తారు, నచ్చిన ఒక్క ఆటను ఎంచుకుని, చేసినవాళ్లను ఏడాది పాటు తమ దగ్గర పెట్టుకుని నేర్పిస్తారు. సమత ఆశంతా దాని మీదే. నర్సింహ పెట్టిన గడువుకు మిగిలింది ఐదు రోజులు.

గేటుకు మా తోట బంతిపూల తోరణాలు కట్టారు. ఒక పక్క డప్పులు, ఒక పక్క మిరపకాయ బజ్జీలు. మాజీ సర్పంచ్‌నని నా చేత దీపం వెలిగించారు. తర్వాత నేనూ ఆటలు చూశాను. కళ్లకు గంతలు కట్టుకుని, తప్పిపోయిన మేకను అరుపును బట్టి వెతికే ఆట ఒకటి. ఇంకొక దానిలో తెర మీద ఒక ముసలాయన బస్సు కోసం నిలబడి ఉన్నాడు. చాలాసేపు చూశాను. పక్షి వచ్చింది, వాన వచ్చింది, బస్సు రాలేదు.

"బస్సు ఎప్పుడొస్తది?" అన్నాను, ఆట చేసిన పిల్లవాణ్ణి.

"రాదు తాతా. ఎదురుచూడటమే ఆట."

"ఓరి నీ! దీనికి గింత దూరం రావాలెనా? షాబాద్ బస్సుకని మా స్టేజీ కాడ నిలబడ్డా సరిపాయె!"

అందరూ నవ్వారు.

సమత ఆట దగ్గర మాత్రం నవ్వులు లేవు. పట్నం పిల్లలు ఒకరికంటే ఒకరు ముందు చప్పట్లు కొడుతున్నారు. నాలుగో వరుస దాటడం లేదు. ఆ సమయానికి మా ఊరి ఆడవాళ్లు ట్రాక్టరులో దిగారు. సమతే రమ్మంది. శంకరమ్మ ముందు నడిచింది.

"పెద్దమ్మా, జర మీరు ఆడి చూపియ్యరాదే. వీళ్లతోటి అయితలేదు."

శంకరమ్మ ఆ పూల దొంతరను చుట్టూ తిరిగి చూసింది.

"సక్కగ పేర్చినవ్. గని గౌరమ్మ ఏది బిడ్డా?"

సమత గంప కింద చెవిని సరిచేస్తోంది. తల ఎత్తలేదు. "నీ ఇష్టం పెద్దమ్మా, పెట్టు."

శంకరమ్మ పసుపు ముద్దతో గౌరమ్మను చేసి తమలపాకులో పైన నిలిపింది. కుంకుమ పెట్టి అగరుబత్తి వెలిగించింది. వెంట తెచ్చిన తంగేడు, గునుగు పూలు ఆడవాళ్లు వరుసల్లో గుచ్చారు. గుడ్డ పూలు కనపడకుండా పోయాయి.

వాళ్లు ఆడటం మొదలుపెట్టాక వరుసలు ఒక్కొక్కటే వెలిగాయి. మొదటి వరుస, రెండోది, మూడోది. డప్పులవాళ్లు కొట్టడం ఆపి చూశారు. ఏడో వరుస వెలిగి గౌరమ్మ మీద వెలుగు పడ్డప్పుడు సమత రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తాను చేసిన ఆట పూర్తిగా వెలగడం అదే మొదటిసారి.

అప్పుడే ఫోను మోగింది. బెంగళూరు వాళ్ల కారు చిలుకూరు దారిలో తప్పిపోయింది. తీసుకురావడానికి సమత రోడ్డు మీదికి పరిగెత్తింది. నన్ను మైకు దగ్గరికి పిలిచారు. బడి గురించి నాలుగు మాటలు చెబుతుండగా, వెలుగుతున్న బతుకమ్మ శంకరమ్మ తల మీద తోట వెనక్కి కదలడం కనపడింది. కార్యక్రమంలో అదీ ఒక భాగమే అనుకున్నాను. అందరూ అట్లాగే అనుకుని దారి ఇచ్చారు.

గౌరమ్మను పెట్టి ఆడిన బతుకమ్మను పొద్దుగూకాక నీళ్లలోకి సాగనంపుతారు. ఇంట్లో ఉంచుకోరు. మా ఆడవాళ్లకు అది ఒకరు చెప్పాల్సిన పని కాదు. ఆ తోటలో డ్రిప్పు కోసం తవ్వి, అడుగున నల్ల ప్లాస్టిక్ పరిచిన నీళ్ల గుంట ఉంది. నేను మాట ముగించి వెళ్లేసరికి బతుకమ్మ గుంట నడుమకు పోయింది. అడుగు వరుస ఆరింది. తర్వాత దాని పైది. ఒక్కొక్కటే ఆరుతూ పైకి పోయి, చివరికి నీళ్లు నల్లగా మిగిలాయి. ఆడవాళ్లు గౌరమ్మ పసుపు పుస్తెలకు పెట్టుకుని, ఒకరికొకరు అట్లు పంచుకుంటున్నారు.

సమత అతిథులతో వచ్చింది. ఆట పెట్టిన చాప మీద ఏమీ లేదు. ఒక చేత్తో ఖాళీ తాంబాళం, ఇంకో చేత్తో అట్టు పట్టుకుని శంకరమ్మ ఎదురొచ్చింది.

"ప్రసాదం తీస్కో బిడ్డా."

"పెద్దమ్మా, బతుకమ్మ ఏది?"

"సాగనంపినం. దీపాల తోటి ఎంత సక్కగ పోయిందనుకున్నవ్!"

స్వప్నిక అరిచినంత పని చేసింది. "ఆంటీ, అది మెషీన్! ఉన్నదే ఒక్క పీసు! ఎవర్నడిగి పడేశారు?"

శంకరమ్మ ఆమెను చూసింది, తర్వాత సమతను చూసింది. "మెషీనైతే గౌరమ్మను పెట్టొద్దని చెప్పొద్దా? పెట్టినంక ఎవలన్న ఇంట్ల ఉంచుకుంటరా?" అంది. తాంబాళం నా చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్లు పైకి దోపి, గుంట వైపు నడిచింది. ప్లాస్టిక్ మీద కాలు జారుతోంది. మోకాళ్ల లోతుకు దిగింది. సాగనంపినదాన్ని తిరిగి తీయడం ఆమె తన అరవై ఏళ్ల బతుకులో ఎన్నడూ ఎరగదు. అయినా దిగింది.

సమత చెప్పులు విడిచి నీళ్లలోకి దిగి ఆమె చేయి పట్టుకుంది.

"వద్దు పెద్దమ్మా."

"ఇడువు. నీ బతుకు పోతది గద బిడ్డా."

"తీసినా అది ఇగ పలుకది. తీస్తే నీ మనసు ఒప్పదు. తప్పు నాది. నువ్వు అడిగినప్పుడు నేను తల ఎత్తి చూడలే."

ఇద్దరూ తడిసిన బట్టలతో పైకి వచ్చారు.

సమత అతిథుల ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. తర్వాత నా చేతిలోని తాంబాళం తీసుకుని చాప మీద పెట్టింది. మిగిలిన తంగేడు పూలు అందులో పోసి, ఏడుగురి సెల్‌ఫోన్లు అడిగి పూల నడుమ గుచ్చింది. ఆడవాళ్లను మళ్లీ ఆడమంది. తానే చెవి అయింది. కళ్లు మూసుకుని చప్పట్లు వింటూ, చేయి ఎత్తి చూపితే స్వప్నిక ఒక్కొక్క ఫోను దీపం వెలిగించింది. శంకరమ్మ ఆ వరుసలో నిలబడలేదు. పక్కన కూర్చుంది. ఐదు వెలిగాయి. ఆరోది వెలగలేదు.

బెంగళూరు నుంచి వచ్చిన పెద్దావిడ ఒక్కటే అడిగింది, స్వప్నిక మాకు తెలుగు చేసి చెప్పింది. ఆట అయ్యాక ఆ వస్తువును ప్రతిసారీ నీళ్లలో కలుపుతారా అని. అవునంది సమత. మళ్లీ ఆడాలంటే? మళ్లీ పేర్చాలి అంది.

ఆ రాత్రి వాళ్లు ఎంచుకున్నది బస్సు రాని ఆటను. బడి గదికి కావలసింది పోగైంది, మరుసటి ఏడు ఎండాకాలానికి గది లేచింది కూడా.

తర్వాతి మూడు రోజులు శంకరమ్మ పూల జోలికి పోలేదు. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు ఊరంతా పేరుస్తుంటే మా గడప బోసిగా ఉంది. మధ్యాహ్నం సమత గుమ్మం ముందు కూర్చుని ఆ తాంబాళంలోనే పేర్చడం మొదలుపెట్టింది. పైదాకా పేర్చి, లోపలికి వచ్చి పసుపు డబ్బా శంకరమ్మ ఒడిలో పెట్టింది.

"గౌరమ్మను నువ్వు పెడ్తేనే నేను ఎత్తుకుంట."

"ఇంక నన్ను అడుగకు బిడ్డా."

"అడుగుడే నేర్చుకున్న పెద్దమ్మా. ఇగ అడుగక ఏం చెయ్య."

శంకరమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే పసుపు కలిపింది.

దసరా అయిన మర్నాడు సమత పాత ఉద్యోగానికి వెళ్లింది. ఇచ్చిన మాట ప్రకారమే వెళ్లింది, ఎవరినీ ఒక్క మాట అనలేదు. దీపావళి దాటాక బెంగళూరు పెద్దావిడ ఫోను చేసింది. ఏడాది నేర్పించే చోటు నిండిపోయింది, అది ఇవ్వలేను అంది. పగలు తమ ఆటలు పరీక్షించే పని ఇస్తాను, సాయంత్రాలు ఆ బల్ల మీదే సమత తన ఆట చేసుకోవచ్చు అంది. నీళ్లలో కలిసే ఆటను తాను ఎక్కడా చూడలేదట, అప్పటి నుంచి అదే మనసులో మెదులుతోందట. ఈసారి నర్సింహ గడువు పెట్టలేదు. బస్సు దాకా పెట్టె మోసుకొచ్చాడు.

సమత ఇప్పుడు అక్కడే ఉంది. కొత్త ఆటలో వరుసలు మట్టితో, ఆకులతో, కాగితంతో చేస్తోంది, అవి నీళ్లలో కరిగిపోతాయి. చెవి, దీపాలు తాంబాళం అడుగునే ఉండి, వెలుగును కింది నుంచి పైకి పంపుతాయి. సాగనంపినప్పుడు పూలు పోతాయి, తాంబాళం ఎప్పటిలాగే ఆడవాళ్ల చేతిలో మిగులుతుంది. ఈ ఆలోచన ఫోనులో శంకరమ్మతో మాట్లాడుతుండగా పుట్టింది. ఇత్తడి మందం, అంచు ఎత్తు, దేన్ని ముట్టుకోవచ్చు, దేన్ని ముట్టుకోవద్దు, అన్నీ అడిగి రాసుకుంటుంది. మా ఊరి నుంచి ఇట్లాంటి పని చేసినవాళ్లు ఇంతకు ముందు లేరు, చుట్టుపక్కల ఊళ్లలోనూ నాకు తెలిసి లేరు.

మొన్న శంకరమ్మ ఆ తాంబాళాన్ని చింతపండుతో తోమి ఎండలో పెట్టింది. పండుగకు ఇంకా చాలా రోజులున్నాయి కదా అంటే, "ఉంటే ఉండనీ" అంది. కొత్త ఆటను మొదట మా బడి ఆవరణలోనే, కొత్త గది ముందు ఆడించాలని సమత కోరిక. పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాటి పొద్దున బస్సు దిగుతానని చెప్పింది. 2019 సెప్టెంబరు 28, శనివారం.