చెవి అందని పిల్లలు

పోయిన వారం మా వీధి అంగన్‌వాడీ అమ్మాయి చేతిలో రిజిస్టరు పట్టుకుని వచ్చి, మా అరుగు మీద కూలబడి, మా మునిమనవడి పేరు తన సెంటర్లో రాసుకుంటానని అడిగింది. వాడు పొద్దున ఎనిమిదింటికే మెడకు టై బిగించుకుని ఇంగ్లీషు బడి బండెక్కి పోతున్నాడు గదా, రెండుచోట్ల ఎట్లా ఉంటాడమ్మా అంటే, ఉండనక్కరలేదట, పేరుంటే చాలట. పిల్లలు తక్కువైతే ఆ సెంటరును పై వీధి దాంట్లో కలిపేస్తారని, అప్పుడు తన దగ్గర పనిచేసే ఆయా బతుకేమవుతుందోనని ఆ పిల్ల దిగులు. మా మనవడు ససేమిరా అన్నాడు, ఆ అమ్మాయి మజ్జిగ తాగి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ పూటంతా ఏ పనీ తోచలేదు. డెబ్భై ఏళ్ళ కిందట అచ్చం ఇదే దిగులుతో నేను చేసిన నిర్వాకం ఒకటి గుర్తొచ్చి, తిన్న అన్నం కూడా రుచించలేదు. నా ఈడువాళ్ళయితే అర్థం చేసుకుంటారు గనుక మీతో చెప్పుకుంటున్నాను.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాలలో మా నాయన మిషను బడిలో అయివారు, ఆయన కూతురిని గనుక నేనూ టీచరునే కావాలని ఇంట్లో అందరూ ముందే తీర్మానించేసుకున్నారు. చిన్నపిల్లల బళ్ళకు ఆడపిల్లలు కావాలని బ్లాకు ఆఫీసువాళ్ళు శిక్షణ ఇస్తుంటే అందులో చేరి, పందొమ్మిదేళ్ళు నిండీ నిండకముందే ఆళ్ళగడ్డ బాలవాడికి టీచరునయ్యాను. నాయన నాతోపాటు బస్సులో వచ్చి, నా ట్రంకుపెట్టె ఒక బంధువుల ఇంట్లో దించి, బాలవాడిని చూడడానికి వచ్చాడు. చూడడానికి ఏముంది గనుక? ఒక పెద్ద రైతు ఎద్దులను వేరేచోటికి మార్చి ఖాళీ చేసిచ్చిన కొట్టం, కింద నాపరాళ్ళు పరిచిన నేల, ఒక మూల నీళ్ళ బాన, ఇంకో మూల పాలపొడి డబ్బా. పలకలు కొనడానికి డబ్బు మంజూరు కాలేదు, అందుకని ఆ నాపరాళ్ళే మా పలకలు. ఒక్కో పిల్లకు ఒక్కో బండ కేటాయించి సుద్దముక్క చేతికిస్తే, సాయంత్రానికి నేలంతా కాకులూ ఎద్దులూ సున్నాలూ నిండిపోయేవి. ఇప్పటి రంగుల పుస్తకాలు ఎన్ని చూసినా నాకు ఆ నల్లబండల మీది బొమ్మలే ముద్దుగా కనబడతాయి, నా పిచ్చి అనుకోండి.

బాలవాడి నాదని పేరేగానీ, నడిపింది ఆయమ్మ. నలభై ఐదేళ్ళుంటాయేమో, తనకే సరిగ్గా తెలియదు. మనిషి సన్నం, గొంతు మాత్రం నాలుగు వీధులకు వినబడేది. కూతురు కాన్పులో పోతే, తల్లిలేని మనవరాలిని పెట్టుకుని కూలిపనితో ఈడ్చుకొస్తున్న మనిషికి ఈ ఉద్యోగం వచ్చింది. నెలకింతని చేతిలో పడే జీతం తన వంశంలో తనకే మొదలని ఎంత గర్వమో ఆమెకు. తెల్లవారేసరికి వీధి మొగదల నిలబడి, కలుపుకు పోయే ఆడవాళ్ళ చంకల్లోంచి పిల్లలను లాక్కున్నంత పని చేసేది. పాలపొడిని చూసి, అది సున్నమేమో, పిల్లల కడుపులు ఏమవుతాయోనని తల్లులు జంకితే, అందరి ఎదుటా ఒక గ్లాసు తానే గటగటా తాగి, మీసంలా అంటుకున్న నురగ కూడా తుడుచుకోకుండా వాళ్ళ వంక చూసేది. ముందు ఆమె చేతి పాలు తాగబోమన్న పెద్దిండ్ల పిల్లలే నెల తిరిగేసరికి ఆమె కొంగు పట్టుకుని వదిలేవాళ్ళు కాదు. ముక్కు తుడవడం, మొలతాడు బిగించడం, ఏడ్చేవాణ్ణి ఏడవనిచ్చి తర్వాత బొరుగులు చేతిలో పెట్టడం, అన్నీ నేను ఆమె దగ్గర నేర్చుకున్నవే. శిక్షణలో చెప్పిన పాటలు మాత్రం నావి, అవి పిల్లలకు అంతగా నచ్చేవి కాదు.

అయితే ఆయమ్మ పోస్టుకు ఒక షరతు ఉండేది. ముప్పైమంది పిల్లలుంటేనే ఆయా, తగ్గితే టీచరు ఒక్కతే సర్దుకోవాలి. ఆ ముప్పైమందీ బడి ఈడుకు చేరని పసివాళ్ళై ఉండాలి. మరి ఈడు తెలిసేదెట్లా? పుట్టిన తేదీలు ఎవరికున్నాయి మనకు? కుడిచెయ్యి తలమీదుగా పోనిచ్చి ఎడమచెవి అందుకుంటే బడి ఈడు వచ్చినట్టు, అందకపోతే రానట్టు. మీరూ అట్లా చెవి పట్టుకునే బళ్ళో చేరి ఉంటారు. అన్ని బళ్ళలోనూ చెవి అందితే సంతోషం, మా బాలవాడిలో మాత్రం చెవి అందిన ప్రతి పిల్లతోనూ నా గుండె జారిపోయేది, ఎందుకంటే లెక్క సరిగ్గా ముప్పై.

ఆ జూన్‌లో బడులు తెరిచినప్పుడు ఆయమ్మ మనవరాలిని నా ముందు నిలబెట్టి చెయ్యెత్తమంది. ఆ పిల్లకు బడి అంటే ప్రాణం. ఎదురుగా ఉన్న ఎలిమెంటరీ బడి గంట కొడితే చాలు, మా వాకిట్లోకి పోయి నిలబడేది. చెయ్యి అందబోతోందని నాకు తెలిసిపోయింది. ఈ పిల్ల పోతే ఇరవైతొమ్మిది, ఆయమ్మ మళ్ళీ కూలికి పోవాలి. మోచెయ్యి నిటారుగా ఉండాలమ్మా అంటూ పట్టుకుని, పట్టుకున్నదాన్ని కొంచెం పైకి లాగాను. వేళ్ళు చెవికి అంగుళం పైన ఆగిపోయాయి. ఇంకా అందలేదు, వచ్చే ఏడు చేర్పిద్దామన్నాను. ఆయమ్మ నామాట వేదంగా నమ్మి, ఏడ్చే పిల్లను చంకనేసుకుని, పెరుగుదల లేదని తాను పెట్టే తిండిని తిట్టుకుంటూ పోయింది. ఆ రాత్రి నుంచీ తన వంతు పాలు కూడా ఆ పిల్లకే తాగించేదట, నాకు తర్వాత తెలిసింది. ఇంకో ముగ్గురు పిల్లల విషయంలోనూ అదే మోచేతి వైద్యం చేశాను. పాపం చేస్తున్నానని అనిపించలేదండీ, ఒక పేదరాలి కూడు నిలబెడుతున్నానని లోపల్లోపల నన్ను నేనే మెచ్చుకున్నాను.

శనక్కాయ పీకే రోజుల్లో బ్లాకు ఆఫీసు నుంచి పెద్దమ్మగారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఆ పంట రోజుల్లో తల్లులు పిల్లలను చేలకే తీసుకుపోతారు గనుక ముప్పైమందిని కూడగట్టడానికి ఆయమ్మ కాళ్ళరిగేలా తిరిగింది. నేను మాత్రం ఆమె నీళ్ళకు పోయినప్పుడల్లా ఆ నలుగురినీ పక్కకు పిలిచి ఒక ఆట నేర్పాను. చెయ్యి పిట్ట, తల చెట్టు. పిట్ట చెట్టు కొమ్మ మీద వాలాలి, కిందికి దిగితే ఓడిపోయినట్టు. అబద్ధం చెప్పించలేదు, ఆటే గదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నాలుగు రోజుల్లో పిల్లలు ఆరితేరారు. మనవరాలి పిట్టయితే కొమ్మ మీద కదలకుండా కూర్చునేది, చెప్పినమాట వినే పిల్ల.

పెద్దమ్మగారు కోస్తావైపు ఆవిడ, ఖద్దరు చీర, తెల్లటి జుట్టు, కటువైన మనిషేమీ కాదు. పాలగ్లాసులు చూసింది, బండల మీద బొమ్మలు చూసి నవ్వింది, పిల్లలను లెక్కపెట్టి ముప్పై అని రాసుకుంది. ఆ తర్వాత కాస్త ఎత్తుగా కనబడిన పిల్లలను వరసగా నిలబెట్టి చేతులెత్తమంది. ముగ్గురి పిట్టలూ కొమ్మల మీదే వాలాయి. నాలుగోది మనవరాలు. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, చెయ్యి తలమీదుగా వచ్చి, చెవికి అంగుళం పైన ఆగింది. గ్లాసులు కడుగుతున్న ఆయమ్మ ఆ చెయ్యి వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, లెక్క సరిచూసుకుంటున్న చూపు. ఆయమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ముందుకొచ్చింది.

"అమ్మా, ఈ పాపకు చెయ్యి అందుతాది. పొద్దున జడేస్తాంటే అట్టా చెయ్యి తిప్పి చెవి కమ్మ సర్దుకున్యాది, నా కండ్లతో సూసినా. దీన్ని బళ్ళో చేర్పీండి."

పెద్దమ్మగారు అద్దాలు సవరించుకుని, ముప్పైకి ఒక్కరు తగ్గినా ఆయా పోస్టు ఉండదని, ఆ సంగతి తెలుసా అని అడిగింది.

"తెలుసమ్మా. టీచరమ్మ మొదట్లోనే చెప్పినాది."

నన్ను పట్టివ్వడానికి అంతకంటే మంచి అదను దొరకదు. ఆమె నా పేరు ఎత్తింది ఆ ఒక్క ముక్కకే. పెద్దమ్మగారు అందరి చేతులూ తానే పట్టి మళ్ళీ చూసింది, నలుగురికీ చెవులు అందాయి. నా వంక ఒకసారి చూసి, రిజిస్టరులో ముప్పై కొట్టేసి ఇరవైఆరు వేసింది. ఆ పూటే నలుగురినీ చెయ్యి పట్టుకుని ఎదురుగా ఉన్న బడికి నడిపించుకుపోయి, పెద్ద అయివారితో మాట్లాడి చేర్పించింది.

సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక నేను పాలపొడి డబ్బా పక్కన కూర్చుని ఏడ్చాను. నేల ఊడుస్తున్న ఆయమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఊరందరి ముందూ టీచరమ్మా అనేది గానీ, ఎవరూ లేనప్పుడు నన్ను పాపా అనే పిలిచేది.

"ఏడ్సొద్దులే పాపా. నువ్వు నా మంచికే జేసినావు, నాకు తెల్దా. కానీ నా కూటి కోసరం ఆ బిడ్డ చెయ్యి పొట్టిది జేస్తే ఎట్ట?"

అంతే అన్నది. లేచి మిగిలిన సగం నేలా ఊడ్చింది. నెల తిరక్కుండానే పోస్టు రద్దయిందని కాగితం వచ్చింది, ఆయమ్మ మళ్ళీ కొడవలి పట్టుకుని చేలకు పోయింది. ఇరవైఆరుమంది పిల్లలు రోజూ ఆయమ్మ యాడ, ఆయమ్మ యాడ అని నా ప్రాణం తీసేవాళ్ళు. నేను పాటలు పాడేదాన్ని.

ఆ తర్వాత ఏడాదిన్నరకు నాకు పెళ్ళి కుదిరి నంద్యాలకు వచ్చేశాను. ఆళ్ళగడ్డలో బస్సెక్కే రోజు ఆయమ్మ కూలి మానుకుని మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎండకు బాగా నల్లబడింది, చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. రెండు బస్సులు ఆగి ఉంటే, ఏది నంద్యాల బస్సో టీచరమ్మకు చదివి చెప్పమని ఆ పిల్లను ముందుకు తోసింది. ఆ పిల్ల బోర్డు కిందికి పోయి, మెడ ఎత్తి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని నంద్యాల అని చదివి, ఈ బస్సే ఎక్కండి అంది. నేను అక్షరం ముక్క రానిదానిలా తలూపి ఎక్కాను. ఆయమ్మ మొహం ఆనాడు చూడాలి మీరు.

ఇప్పుడు మా ఇంట్లో మాటకు ముందొక సారీ, వెనకొక సారీ. కాలు తగిలితే సారీ, కాఫీ చల్లారితే సారీ. ఏమిట్రా ఈ గోల అని నేను విసుక్కుంటుంటాను గానీ, లోపల వాళ్ళను చూస్తే అసూయే. మా రోజుల్లో టీచరు ఆయమ్మతో తప్పయిందని చెప్పడమన్నది ఎక్కడా లేదు. బస్సు కదలడానికి పావుగంట పైనే పట్టింది, కిటికీ పక్కనే ఆమె నిలబడి ఉంది, నాకు నోరు పెగల్లేదు. ఆ తర్వాత నేను ఆళ్ళగడ్డ పోలేదు, ఆమె ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు. ఆమె మనసులో ఏమీ పెట్టుకోలేదని, నేల ఊడ్చిన ఆ సాయంత్రమే నాకు తెలుసు. అడగకుండా దొరికిన మన్నింపు కాబట్టేనేమో, ఈ వయసులో కూడా అది నాదని అనిపించదు.