తాళం పట్టుకుని నిలబడిపోయిన పాలమిషన్

పుంగనూరు దగ్గరి పల్లెలో పుట్టి, మదనపల్లెలో ఇంజనీరింగు చదివి, కుప్పంలో ఉద్యోగం చేస్తున్న రేఖ సంగతి చెప్పాలంటే బడి మైకు దగ్గర మొదలుపెట్టాలి. ఏడో తరగతిలో ఉండగా ఆ మైకు మూగబోతే విప్పి బిగించింది. ఒక స్క్రూ మిగిలిపోయింది గానీ మైకు పలికింది. ఆ జెండా పండుగకు సర్పంచి ఉపన్యాసం పొరుగూరి దాకా వినిపించింది. పదిలో మండలానికి ఫస్టు. కాలేజీలో బంగారు పతకం. ఇప్పుడు పాలు పరీక్షించే మిషన్లు తయారుచేసే చిన్న కంపెనీలో, మిషన్ లోపలి ప్రోగ్రాములో ఎవరు ఏ మార్పు చేసినా రేఖ చూసి సరేనంటేనే బయటికి వెళుతుంది. మన చుట్టుపక్కల ఆ పని చేసే పిల్ల ఇంకొకతె ఉంటే చూపించమనండి.

ఇన్ని గెలిచిన పిల్లను ఆ వారం ఒకే ఒక్క లైను ముప్పుతిప్పలు పెట్టింది.

శాంతిపురం పక్క పల్లెలోని పాలకేంద్రంలో యశోదమ్మ పోసిన పాలకు వెన్న శాతం మరీ తక్కువ చూపించింది మిషన్. నీళ్ళు కలిపిందన్నారు. సంగతి తేలేదాకా ఆమె పాలు పోయించుకోవద్దని పాల సంఘం పెద్దలు తీర్మానించారు. తప్పు నిజానికి మిషన్‌దే. పాలను కొలిచే సెన్సారుకూ కంప్యూటరుకూ మధ్య మాటలు మోసే ప్రోగ్రామును డ్రైవరంటారు. ఆ డ్రైవరు ఒక్కోసారి, కొలత సగంలో ఉండగానే అంకెను తెర మీదికి పంపేస్తోంది.

దానికి దినేష్ ఒక సవరణ రాశాడు. శాంతిపురం కుర్రాడు, ఉద్యోగానికి కొత్త. ఒక పని అంకెను ముట్టుకుంటుండగా ఇంకో పని ముట్టుకోకుండా డ్రైవరులో తాళం పెట్టాడు. తాళం దొరికిన పనే లోపలికి పోవాలి, మిగతావి బయట ఆగాలి.

"పొద్దస్తమానం నడిపించినానక్కా, ఒక్క తప్పు రాలా. ఇంకా యాల సూస్తాండావు? ఆడ యశోదమ్మ రోజూ ఫోన్ చేసి తిడతాండాది."

"తాళం బాగుండాదప్పా. మిషిన్ కడిగే ఈ వాష్ బటన్ కాడ సూడు. తాళం తీసుకుంటాండావు, తీసుకోని కొలత ముగిసేదాకా కాసుకోనుండావు. కొలత ముగియాలంటే అంకె రాయాల. అంకె రాయాలంటే అదే తాళం కావాల. నువ్వు దానికోసరం, అది నీకోసరం. ఎవురు కదలతారు?"

దినేష్ నవ్వాడు. "కొలత నడస్తాంటే వాష్ ఎవురు నొక్కతారక్కా? నొక్కొద్దని తెర మీద ఎర్రగా రాసినాం గదా. యాడో సదివిందంతా తెచ్చి నా మీద పెడతాండావు."

నొక్కుతారా, నొక్కరా? ఆపితే యశోదమ్మకు నింద ఇంకో రోజు పెరుగుతుంది. సరేనన్నాక మిషన్ బిగుసుకుపోతే ఊరందరి పాలూ క్యాన్లలోనే ఉండిపోతాయి. సరేనని రాయబోయి కూడా వేళ్ళు వెనక్కి తీసుకుంది. చూసే తెలుసుకోవాలనిపించింది.

తెల్లవారగానే దినేష్‌ను బండెక్కించుకుని, కొత్త డ్రైవరు వేసిన మిషన్‌తో కేంద్రానికి వెళ్ళింది. వాకిట్లోనే యశోదమ్మ క్యానుతో నిలబడి ఉంది.

"మిషిన్ తెచ్చినావా, ఇంకో అబద్దం తెచ్చినావా?"

"సూసి సెప్తానమ్మా."

"సూడు సూడు. నా ఆవు మాత్రం నీళ్ళు ఇయ్యలా."

కేంద్రం నడిపే శాంతకుమారి పాత మిషన్ ముందు కూర్చుని ఉంది. రేఖ పక్కన నిలబడి ఆమె చేతులనే చూసింది. వరుసలో చివరి మనిషి పాలు పోశాడు. రోడ్డు మీద పాలబండి హారన్ మోగింది. శాంతకుమారి తల కూడా తిప్పకుండా వాష్ నొక్కేసింది. కొలత ఇంకా నడుస్తూనే ఉంది.

"యాల నొక్కినావక్కా? వొద్దని రాసుండాదే!"

"బండోడు ఆగుతాడా తల్లీ? కడిగే నీళ్ళు వొచ్చేదానికి కొంచేపు పడతాది. ఆలోపల అంకె దానంతట అదే పడతాది. ఈ పక్క కేంద్రాల్లో అందురూ అంతే."

రేఖ కొత్త మిషన్‌లో కొంచెం పాలు పోసి, అలాగే నొక్కమంది. తెర బిగుసుకుపోయింది. దినేష్ ఉన్న బటన్లన్నీ నొక్కి, చివరికి ప్లగ్గు పీకాడు.

"పాపం, నిద్ర పట్టేసినట్టుండాది" అంది యశోదమ్మ.

దినేష్ చెవులు ఎర్రబడ్డాయి. రేఖ లాప్‌టాప్ అతని వైపే తిప్పింది. అతను రెండు లైన్లు తారుమారు చేశాడు. నడుస్తున్న కొలత ముగిసేదాకా ముందు ఉత్తచేతులతో ఆగాలి, తాళం తీసుకోవడం ఆ తర్వాతే.

"ఆగిండేటప్పుడు కొత్త కొలత మొదలైతే?" అని అడిగింది రేఖ.

అతను ఆలోచించాడు. "వాష్ నొక్కతానే కొత్తవాటికి అడ్డం పెడతానక్కా." ఆ లైనూ రాశాడు.

ఈసారి పోసింది యశోదమ్మ పాలు. కొలత సగంలో ఉండగా శాంతకుమారి వాష్ నొక్కింది. తెర ఒక్క క్షణం ఆగింది. అంకె పడింది, వెనకే కడిగే నీళ్ళూ వచ్చాయి. రేఖ మళ్ళీ మళ్ళీ పోయించి, నొక్కించి చూసింది. ప్రతిసారీ అదే అంకె.

"వెన్న నాలుగు పాయింట్ రెండు, చిక్కని పాలే" అని చదివింది శాంతకుమారి.

"గట్టిగా సదువమ్మే. క్యాన్లు మోసుకోని పోతాండారే, వాళ్ళకీ ఇనపడాల" అంది యశోదమ్మ.

శాంతకుమారి గట్టిగా చదివింది. ఆ సవరణ కింద రేఖ, చూశాను, సరిగ్గా ఉంది అని రాసి తన పేరు పెట్టింది. వెనక యశోదమ్మ గొంతు మళ్ళీ లేచింది.

"ఇంగోసారి సదువు. సంఘం పెద్దాయప్ప ఇప్పుడే వొస్తాండాడు."