గుర్రప్పిల్ల మూతికి చిక్కం

మా అత్తగారు ఈ నెల మొదట్లో ఒక ఉదయం పోయారు. వన్ టౌన్‌లో, తాను కాపురానికొచ్చిన ఇంట్లోనే, పెరటి వైపు కిటికీ ఉన్న చిన్న గదిలో. మంచం అక్కడే వేయమని ఆవిడే అడిగారు. మూత్రపిండాలు పాడై చాలాకాలంగా లేవలేకుండా ఉన్నారు కనుక ఎవరూ ఆశ్చర్యపోలేదు. కష్టపడకుండా వెళ్ళిపోయారని వచ్చినవాళ్ళు అన్నారు. నేను తల ఊపాను. దాహం కష్టాల్లోకి వస్తుందో రాదో వాళ్ళతో వాదించడం ఎందుకనిపించింది.

ఆ ఇంట్లో ఒకప్పుడు గుర్రం ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మావగారు జట్కా తోలేవారు. ఆటోలొచ్చాక బండి మూలపడింది, చక్రాలు పెరటి గోడకి చేరబడ్డాయి. గుర్రం మాత్రం పెళ్ళి ఊరేగింపులకు వెళ్ళేది. పెరట్లోకి వేరే దారి లేదు; ముందుగదిలోంచి, మా కుర్చీల పక్కనుంచి నడిచి వెళ్ళేది. గుమ్మం దగ్గర తల వంచడం దానికి అలవాటు. ఆ ఇంట్లో తల వంచడం నాకే అలవాటు కాలేదు.

గుర్రం చూడితో ఉందని తెలిసిన కొద్దిరోజులకే మావగారు పోయారు. పుట్టబోయే పిల్ల ఆయన వదిలి వెళ్ళిన ప్రాణమని అత్తగారు పట్టుకున్నారు. పైకి అనలేదు. కానీ అది ఈనిన రోజు మనవరాల్ని చూసినంతసేపూ గుర్రప్పిల్లనీ చూసి, కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

మనవరాలంటే నా కూతురు. తొంభైల మొదట్లో మాట. మా అమ్మ లేదు కనుక నా పురుడు అత్తగారింట్లోనే జరిగింది. నా బిడ్డా, గుర్రప్పిల్లా ఒకే వారంలో పుట్టారు. ఇద్దరు బాలింతలకీ ఒకటే చట్టం. నాకు తలుపు వేసిన ఆ చిన్న గది, చెవుల్లో దూది, సాంబ్రాణి పొగ, వెల్లుల్లి కారంతో అన్నం. నీళ్ళు మాత్రం గొంతు తడిసేటన్ని. బాలింత ఎక్కువ తాగితే ఒళ్ళు నీరు పడుతుందని ఆవిడ నమ్మకం. పెరట్లో గుర్రానికీ పొగ వేశారు, కిటికీ వారనున్న తొట్టిలో నీళ్ళు తగ్గించారు. ఎమ్మే చదివిన నేను కిటికీ చువ్వలు పట్టుకుని ఆ తొట్టి వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

వారం తిరిగేసరికి గుర్రప్పిల్లకి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. తోకా తొడలూ తడిసి ముద్దయ్యాయి. తల్లి పాలు పడలేదని అత్తగారు తేల్చి, దూడలకి కట్టే తాడు చిక్కం దాని మూతికి బిగించి, గంజి పట్టారు. అది గంజి మింగలేదు. తల్లి పొదుగు దగ్గరికి వెళ్ళి చిక్కంతో పొడిచేది. పొడిచి పొడిచి ఊరుకునేది. గుర్రం పొదుగు నిండి పాలు నేల మీద కారిపోయేవి. నా రవికా తడిసి ఉండేది. ఎవరి మీద జాలిపడుతున్నానో నాకే తెలిసేది కాదు.

చిక్కం విప్పి చూడమని కిటికీలోంచి అన్నాను.

“సదువుకున్నావని గుర్రాలకి కూడా పాఠం సెప్తావేటి?” అన్నారావిడ వెనక్కి తిరక్కుండానే.

నేను నోరు మూసుకున్నాను. భయపడి కాదు, నా మాట మీద నాకే నమ్మకం చాలక. నిజంగానే ఆ పాలే పడకపోతే?

మర్నాడు పిల్ల లేవలేదు. కళ్ళు లోపలికి పోయాయి. అత్తగారు చెప్పులేసుకుని వెళ్ళి పశువుల డాక్టర్ని వెంటబెట్టుకొచ్చారు. ఆయన దాని మెడ మీద చర్మం లాగి వదిలాడు. అది ముడతగానే నిలబడిపోయింది.

“చిక్కం ఎవరు కట్టేరమ్మా?”

“నానే, బాబూ.”

ఆయన కోప్పడలేదు. ఈనిన వారానికి చాలా పిల్లలకి ఇలా పలచగా పోతుందని, పాలు తాగుతూ గెంతుతుంటే దానంతటదే తగ్గిపోతుందని చెప్పాడు. దీనికి ఇంకేదైనా రోగం కూడా ఉందేమో చెప్పలేనని, ముందు ఒంట్లోకి నీరు ఎక్కించాలని, సీసా ఎత్తుగా పట్టుకోవడానికి మనిషి కావాలని అన్నాడు. నేను చువ్వల మధ్యనుంచి చెయ్యి బయటికి చాపాను. బాలింతకి గాలి తగులుతుందని అత్తగారు గొణిగారు. గొణుగుతూనే పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని కిటికీ కింద కూలబడ్డారు. గోడకి అటు ఆవిడ, ఇటు నేను.

“సెయ్యి లాగేత్తందా?” అన్నారు కాసేపటికి.

“లేదత్తా.”

“దాహమేత్తందా?”

“పురుడొచ్చినప్పట్నుంచీ వేస్తోంది.”

“మరి సెప్పలేదేటి?”

“చెప్పాను.”

ఆవిడ పిల్ల చెవులు నిమిరారు. “నాకూ ఏసింది. నానూ మా అత్తకి సెప్పినాను” అన్నారు.

డాక్టరు వెళ్ళాక ఇత్తడి చెంబుతో వచ్చారు. తలుపు తీయలేదు. పురుడు తీరేదాకా అన్నం వేళకి తప్ప ఆ తలుపు తీయలేదావిడ. చువ్వల మధ్య చెంబు పట్టలేదు. నన్ను దోసిలి పట్టమని బయటినుంచి ధారగా పోశారు. నేను తాగినంతసేపూ పోశారు.

సాయంత్రానికి పిల్ల వణుకుతూ లేచి తల్లి కిందకి దూరింది. సెలైన్ బతికించిందో, పాలు బతికించాయో, అసలు చిక్కమే కట్టకపోతే ఏ గొడవా ఉండేది కాదో నేనిప్పటికీ తేల్చుకోలేను. అత్తగారు ఆ చిక్కం విప్పదీసి, ఆ తాడు మీద బట్టలారేసుకున్నారు. తర్వాత మా సందులో ఏ పసివాడికి విరేచనాలైనా ఆవిడ మాట ఒకటే: “ముందు తాగనీండి. తరవాత సూద్దాం.” గుర్రప్పిల్ల గెంతడానికి చోటులేని ఆ పెరట్లోనే పెరిగి, ఒకరోజు తగరపువలస నుంచి వచ్చిన ఊరేగింపు గుర్రాలవాళ్ళ వెంట ముందుగదిలోంచి వెళ్ళిపోయింది. ఎవరూ నేర్పకుండానే గుమ్మం దగ్గర తల వంచింది. కొన్నాళ్ళకి తల్లీ పోయింది.

చివరి ఏడాది డాక్టర్లు అత్తగారికి నీళ్ళు కట్టడి చేశారు. ఎక్కువైతే ఊపిరాడదు. అది నిజమే, ఒకసారి కళ్ళారా చూశాను. గ్లాసు నా చేతికొచ్చింది. నేనిచ్చే రెండు గుక్కలు తాగి ఆవిడ నవ్వేవారు. “నా మూతికి సిక్కం కట్టినావు గదే, పాపా.” ఎత్తిపొడుపు కాదది, వేళాకోళమే. నాకు నవ్వు వచ్చేది కాదు. నేను వంటింట్లో చాటుగా నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని గదిలోకి వెళ్ళేదాన్ని.

పోయే ముందు రోజుల్లో తనకి నీళ్ళు అడగడం మానేశారు. కిటికీ వైపు చూసి, “గుర్రానికి నీళ్ళెట్టినావా?” అనేవారు.

“పెట్టానత్తా.”

“నువ్వు తాగినావా?”

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. ఆ గదిలో మంచం తీసేశారు. నేను చెంబు తీసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. చువ్వల మధ్య అది ఇప్పుడూ పట్టదు. లోపలినుంచి వంచితే ధార మాత్రం బయటికి పడింది. ఎండిన తొట్టిలో ముందు చప్పుడు చేసింది, తర్వాత చేయలేదు. చెంబు ఖాళీ అయ్యేదాకా వంచే ఉంచాను.