మత్రా తీరాన పాతకాలపు కారులో ఓబులమ్మక్కతో

మస్కట్‌కి వచ్చి తొమ్మిదేళ్ళయింది. పాత మస్కట్ చూశావా అని ఎవరైనా అడిగితే నీళ్ళు నమిలేదాన్ని. మబేలాలో ఇల్లు, వీధి చివర కూరగాయల కొట్టు, పాప బడి, మా ఆయన డ్యూటీ. నా ఒమన్ అంతే. ఊరు చూడాలన్న ధ్యాస ఈసారి పుట్టించింది మా ఇంట్లో ఐదేళ్ళుగా పనిచేస్తున్న ఓబులమ్మక్క. కడప వైపు మనిషి. వచ్చే వారం వీసా క్యాన్సిల్ చేయించుకుని పూర్తిగా ఇంటికి వెళ్ళిపోతోంది. "పోయేలోగా నీకేం కావాలక్కా?" అని అడిగాను. చీరో, గాజులో అంటుందనుకున్నా. "మత్రాలో పాత మోడల్ కారులో ఎక్కిచ్చుకోని ఊరంతా తిప్పి సూపిస్తారంటమ్మా. అది ఎక్కిచ్చు" అంది. ఇన్నేళ్ళలో పార్కుకి రమ్మన్నా కాళ్ళ నొప్పులని తప్పించుకున్న మనిషి! నాకు నవ్వాగలేదు.

ముందురోజు ఫోన్ చేసి రెండు సీట్లు చెప్పుకున్నాను. మనిషికి ఏడు రియాళ్ళు, గంటన్నర తిప్పుతారు. మా ఆయనకి శనివారం కూడా డ్యూటీయే కాబట్టి పాపని పక్కింట్లో దింపి, పొద్దున్నే ఏడింటికి సిటీ బస్సెక్కాం. మబేలా నుంచి రువీకి గంట పైనే పడుతుంది, టికెట్టు రియాల్ కూడా ఉండదు. రువీ నుంచి మత్రాకి ఇంకో బస్సు ఉంది గానీ, ఆలస్యమవుతుందని మేం టాక్సీలో వెళ్ళాం. రెండు రియాళ్ళు అడిగాడు, ఒకటిన్నరకి ఒప్పుకున్నాడు. నవంబరు కాబట్టి ఎండ పదింటిదాకా ఓర్చుకోవచ్చు. వేసవిలో మాత్రం ఈ సాహసం వద్దు.

రువీ బస్సులోనే అసలు సంగతి బయటపడింది. "ఆ కారు తోలేది మా సాలిమేనమ్మా" అంది ఓబులమ్మక్క, చున్నీ చివర వేలికి చుట్టుకుంటూ. ఆమె ఒమన్ వచ్చిన కొత్తలో పనిచేసిన ఇల్లు అల్ అమెరాత్‌లో. ఆ ఇంటి పిల్లవాడు సాలిమ్. పుట్టిన రోజు నుంచి ఏడేళ్ళ వయసు దాకా ఈమె చేతుల్లోనే పెరిగాడట. ఆ పక్కింట్లో ఇప్పటికీ పనిచేస్తున్న ఒక గోదావరి ఆవిడ, మీవాడు మత్రాలో టూరిస్టుల్ని తిప్పుతున్నాడని ఫోన్లో చెప్పిందట.

పనిమనిషిని పంపేసేటప్పుడు, పిల్లలు బడికెళ్ళిన వేళ చూసి పంపడం ఇక్కడ చాలా ఇళ్ళల్లో మామూలే. అరబ్బుల ఇళ్ళయినా అంతే, మన ఇళ్ళయినా అంతే. ఎదురుగా ఉంటే పిల్లలు కాళ్ళు చుట్టేసుకుని ఏడుస్తారని. ఓబులమ్మక్కనీ అలాగే పంపారు.

"మేడం మంచిదేమ్మా. వానికి సెప్పొద్దు, జొరం తెచ్చుకుంటాడనింది. ఆ పొద్దు ఇస్కూలు బస్సెక్కేటప్పుడు వాడు అడిగినాడు, సాయంత్రం దోసె పోస్తావా అని. పోస్తా నాయనా, బిన్నే రా అంటి. పెట్టె అప్పటికే సర్దిపెట్టుకోని ఉండా. పద్నాలుగేండ్లాయ. వానితో అబద్ధం సెప్తినని వానికి సెప్పి పోవల్ల."

"వాడు గుర్తుపట్టకపోతే?"

"పట్టకపోతే కండ్లారా సూసుకోని పోతా. పట్టి కూడా మొగం తిప్పుకున్యాడనుకో..." అని ఆగిపోయింది.

చేపల మార్కెట్ ఎదురుగా సముద్రం ఒడ్డున తొమ్మిదింటికి కారు సిద్ధంగా ఉంది. ఎర్ర రంగు, ముందు పళ్ళేలంత ఇత్తడి దీపాలు, పక్కన కాలు పెట్టి ఎక్కడానికి పలక, పైన గుడ్డ టాపు. చూడ్డానికి తాతలనాటి కారే గానీ లోపల బ్యాటరీ. చప్పుడే చెయ్యదు. డ్రైవరూ గైడూ ఒక్కడే. కాళ్ళదాకా తెల్ల అంగీ దిష్‌దాషా, కుట్టుపని చేసిన టోపీ, నల్లటి గడ్డం. మాతోపాటు ఒక జర్మన్ జంట. ఓబులమ్మక్క గబగబా వెళ్ళి చివరి వరుసలో కూర్చుని చున్నీ ముక్కు దాకా లాక్కుంది.

"ఇంత దూరం వచ్చింది దాక్కోడానికా? పలకరించు" అని గొణిగాను.

"ఉండమ్మా, వాని పని వాన్ని సేసుకోనీ."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఏం చేస్తాను, ఊరు చూశాను. నిజం చెప్పాలంటే ఊరు అందంగా ఉంది. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క చెక్క బాల్కనీల తెల్ల మేడలు, వాటి నెత్తిన గుట్ట మీద మత్రా కోట. రియామ్ దగ్గర కొండ మీద సాంబ్రాణి ధూపపు గిన్నె ఆకారంలో పెద్ద కట్టడం ఉంది, అక్కడ ఐదు నిమిషాలు ఆపాడు. పాత నగర ద్వారం దాటాక రోడ్డు దిగుతూ పోయి రాజభవనం దగ్గర తేలుతుంది. నీలం, బంగారు రంగుల స్తంభాలు. లోపలికి వెళ్ళనివ్వరు, బయటినుంచి ఫోటోలే. వెనకవైపు సముద్రంలోకి చొచ్చుకుని జలాలీ, మిరానీ కోటలు. పోర్చుగీసువాళ్ళ నాటివని సాలిమ్ ఇంగ్లిష్‌లో చక్కగా చెప్పాడు. వాడు నోరు తెరిచినప్పుడల్లా మా ఓబులమ్మక్క ముందుకు వంగేది. ఒక్క ముక్క అర్థం కాదు, అయినా తల ఊపేది.

రాజభవనం దగ్గర ఇరవై నిమిషాలు ఆగాం. జర్మన్లు కెమెరాలు పట్టుకుని వెళ్ళారు. నేనూ దిగాను గానీ, కారు పక్కనే నిలబడ్డాను. సాలిమ్ ఐసు డబ్బాలోంచి సీసా తీసి, ఎండలో నిలబడి గటగటా తాగుతున్నాడు.

"అట్ల తాగొద్దు నాయనా, గొంతు పట్టుకుంటాది" అంది వెనక సీటులోంచి ఓబులమ్మక్క.

అలవాటుకొద్దీ అనేసింది. అన్నాక చేత్తో నోరు మూసుకుంది. సాలిమ్ సీసా దించి వెనక్కి తిరిగాడు. నీళ్ళు దిష్‌దాషా మీద కారుతున్నా తుడుచుకోలేదు.

"ఓబూ?" అన్నాడు.

ఆమె చున్నీ తీసింది. వాడు అక్కడే నిలబడిపోయాడు. ఇప్పుడు మొహం తిప్పుకుంటాడా, దేవుడా అనుకున్నాను.

"యాడికి పోయినావు?" అన్నాడు. అచ్చం కడప యాస! గడ్డం పెరిగిన మనిషి నోట్లో ఏడేళ్ళ పిల్లాడి తెలుగు. మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. "స్కూల్ నుంచి వచ్చినా. కిచెన్లో లేవు. పైన లేవు. ముందురోజు నేను నిన్ను కొరికినా కదా. అందుకే పోయినావనుకున్నా."

"అయ్యో, కాదు నాయనా! కొరికింది నాకు గ్యాపకమే లేదు. నన్ను పంపిచ్చినారు. నాకు తెలిసి కూడా నీకు అబద్ధం సెప్తి. నువ్వు ఏడుస్తావని."

"ఏడ్చినా" అన్నాడు సాలిమ్. "నువ్వు ఉన్నప్పుడు ఏడ్చుంటే, నువ్వు ఊరుకోబెట్టేదానివి కదా?"

ఓబులమ్మక్క కారు దిగింది. వాడు వంగి ఆమె నెత్తిన ముద్దు పెట్టాడు. ఇక్కడ పెద్దవాళ్ళకి అలాగే పెడతారు. ఆమె వాడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత సన్నగుండావేమిరా, తినేది ల్యా?" అని తిట్టింది. నేను రాజభవనం వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

జర్మన్లు తిరిగొచ్చి ఎవరీవిడ అని అడిగితే, మా ఇంటి మనిషి అని చెప్పాడు. తిరుగు దారంతా ఆమె ముందు సీటులోనే. మమ్మల్ని పాత బజారు మత్రా సూక్ దగ్గర దింపి, మధ్యాహ్నం తమ ఇంట్లోనే భోజనమని ఆమెని తనతో తీసుకెళ్ళాడు. సూక్ ఒంటిగంటకి మూసేస్తారు, శుక్రవారం పొద్దున అసలు తెరవరు. నేను కాస్త సాంబ్రాణి కొనుక్కుని ఒక్కదాన్నే బస్సెక్కాను.

దారంతా కుదురుగా కూర్చోలేకపోయాను. మా పాప నిత్యకి ఆరేళ్ళు. ఐదేళ్ళుగా దానికి అన్నం పెట్టిందీ, నిద్రపుచ్చిందీ ఓబులమ్మక్కే. వచ్చే సోమవారం ఆమె విమానం పొద్దున పదకొండింటికి. ఆ టైమే కావాలని మా ఆయనతో పట్టుబట్టి తీయించింది నేనే, ఎందుకంటే అప్పుడు నిత్య బడిలో ఉంటుంది. ఆ సంగతి తెలిసి కూడా ఓబులమ్మక్క నన్నొక్క మాట అనలేదు. అల్ అమెరాత్ మేడంని తప్పుపట్టే మొహం నాకెక్కడిది? ఇంటికి రాగానే టికెట్టు మార్పించాను. ఆ రాత్రి సాలిమ్ ఇంటి నుంచి తిరిగొచ్చి, నిత్యని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఓబులమ్మక్కే తను వెళ్ళిపోతున్నానని చెప్పింది. అది ఏడ్చి ఏడ్చి ఆమె భుజం మీదే పడుకుంది.

మీకు పనికొచ్చే మాట ఒక్కటి. మస్కట్ నుంచి హైదరాబాదుకి పగలూ ఉంటాయి, పొద్దుపోయాకా ఉంటాయి విమానాలు. మీ పిల్లల్ని పెంచిన మనిషిని సాగనంపుతుంటే, బడి వదిలాక బయల్దేరేదే తీసుకోండి.